బోరు క్యాప్ దగ్గర లీకు, మోటారు వైరింగు: రెండూ ఒకేసారి చూడాల్సినవే

బోరు మూత (క్యాప్) మీద పైపూ, మోటారు కేబులూ పక్కపక్కనే బయటికొస్తాయి. పైపు మలుపులో ఉండే బెండు దగ్గర కారే నీళ్లు తిన్నగా కేబుల్ జాయింటు మీదే పడతాయి. కాబట్టి రెంచి పట్టుకునే ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి.

మోటారు నడుస్తుండగా ముందు దూరం నుంచే గమనించండి, తడి పైపును ముట్టుకోవద్దు. నీళ్లు బెండు మరల నుంచి వస్తున్నాయా, క్యాప్ కింద నుంచి వస్తున్నాయా? మోటారు ఆపాక బోరులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తే లోపల పైపు చిట్లి ఉండొచ్చు. అది పైన సరిచేసేది కాదు, మోటారు తీసేవాళ్లను పిలవాలి.

స్టార్టర్‌లో ఎర్ర బటన్ నొక్కి ఊరుకుంటే చాలదు. ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే మోటారు ఆగినా వైర్లలో కరెంటు ఉంటుంది. మెయిన్ దగ్గర డబుల్ పోల్ ఎంసీబీ (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంపే స్విచ్చు) దించి, ప్యానెల్‌లో (స్టార్టర్ పెట్టెలో) ప్రతి టెర్మినల్‌నూ టెస్టర్‌తో చూడండి. కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉంటుంది. అయిదు నిమిషాలు ఆగి, హోల్డర్‌లో పెట్టిన పాతకాలపు 100 వాట్ల బల్బు రెండు వైర్లను కెపాసిటర్ కాళ్లకు తాకించి ఆ చార్జి దింపేయండి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి చిటపటలాడించే అలవాటు మంచిది కాదు.

పైపును పట్టి ఉంచే క్లాంపు బోల్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. నీళ్లు నిండిన 200 అడుగుల ప్లాస్టిక్ పైపు, మోటారు కలిపి వంద కిలోల దాకా బరువు దాని మీదే వేలాడుతుంటుంది. బెండు ఒక్కటే విప్పండి, కింది పైపు తిరగకుండా ఇంకో రెంచితో పట్టి ఉంచండి. మరలను వైరు బ్రష్‌తో తోమి, టెఫ్లాన్ టేపును మర బిగిసే వైపుకే 10-12 చుట్లు లాగి చుట్టండి. ఎదురు చుడితే బిగిస్తుంటే ఊడివస్తుంది. ప్లాస్టిక్ అడాప్టరైతే చేత్తో బిగించాక ఒకటి, ఒకటిన్నర చుట్టు చాలు. బలం చూపిస్తే నెర్రె ఇస్తుంది, కొత్త లీకు మొదలవుతుంది.

కేబుల్ దిగే కన్నానికి రబ్బరు గ్లాండ్ (కేబుల్ చుట్టూ సందు మూసే బిరడా) వేయండి. క్యాప్ మొత్తాన్ని సిమెంటుతో మూసేసేవాళ్లు ఉన్నారు, రేపు మోటారు తీయాలంటే పలుగు పట్టాల్సిందే. పైగా నీటిమట్టం దిగుతుంటే బోరుకు గాలి కావాలి. అరంగుళం పైపు పెట్టి, మూతి కిందికి వంచి జల్లెడ కట్టండి. కేసింగ్ (బోరు చుట్టూ దింపిన పెద్ద గొట్టం) చప్టాకు కనీసం అడుగు ఎత్తున ఉండాలి, చప్టా వాలు బయటికి ఉండాలి. లేదంటే వానలో వీధి మురుగు బోరులోకే పోతుంది.

ఇక వైర్లు. విప్పే ముందు ఏ రంగు వైరు ఏ టెర్మినల్‌లో ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రన్నింగు, స్టార్టింగు వైర్లు మారిపోతే మోటారు గుయ్‌మంటూ వైండింగు కాలుతుంది. క్యాప్ మీద టేపు చుట్టిన జాయింటును తీసేసి, గోడకు మూడు నాలుగు అడుగుల ఎత్తులో వానకు తడవని జంక్షన్ బాక్సు బిగించి, అందులో లగ్గులతో (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్కలు) కలపండి. అక్కడిదాకా కేబుల్‌ను కండ్యూట్‌లో (రక్షణ గొట్టంలో) నడిపించండి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. మోటారుకు వెళ్లే బల్లపరుపు కేబుల్‌లోని ఎరుపు, పసుపు, నీలం మూడూ కరెంటువే, ఎర్త్ లేదు. ఇనుప పైపు రోజుల్లో అదే కొంత ఎర్త్‌గా పనిచేసేది, ప్లాస్టిక్ పైపుతో ఆ దారీ పోయింది. మోటారు పైకి తీసినప్పుడే దాని బాడీకి వేరే ఎర్త్ వైరు కలిపించుకోవాలి. ప్యానెల్ బాడీకీ, ఇనుప కేసింగ్‌కూ, పైన ఇనుప పైపు ఉంటే దానికీ ఇంటి ఎర్త్ గుంత నుంచి వైరు లాగండి. న్యూట్రల్‌నే ఎర్త్ టెర్మినల్‌కు చుట్టేసే పని ప్రాణాంతకం: ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఆ బాడీ అంతా ఫేజే.

ప్యానెల్‌కు ముందు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపేసే స్విచ్చు) పెట్టించండి. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారుకు 16 ఆంపుల సి రకం ఎంసీబీ సరిపోతుంది. ఎంసీబీ షాక్ నుంచి కాపాడదు, ఆ పని ఆర్‌సీసీబీదే. మోటారు వేయగానే అది పడిపోతుంటే తీసేసి నడపకండి. కేబులో, వైండింగో ఎక్కడో ఇన్సులేషన్ పోయి ఉండొచ్చు. మల్టీమీటర్‌కు అది దొరక్కపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో కేబుల్‌ను ప్యానెల్ నుంచి విడదీయించి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూపించండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే మోటారు పైకి తీయాల్సి రావచ్చు.

అంతా అయ్యాక కరెంటు ఇచ్చి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూసి, ఆ తర్వాతే మోటారు వేయండి.