ఎన్‌టెయిల్ ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

ఉద్యోగ ప్రకటనల్లోనో ఒప్పంద పత్రాల్లోనో ఎన్‌టెయిల్ అనే క్రియ కనిపిస్తే, "దీనికి ఒప్పుకుంటే ఫలానాది తప్పదు" అని చదువుకోండి. ఇంటర్వ్యూలో "వాట్ డస్ ద జాబ్ ఎన్‌టెయిల్?" అని మీరే అడగొచ్చు, చేరాక ఏమేం చేయాల్సి వస్తుందని అడిగినట్టు, నైట్ షిఫ్టులున్నాయా, ఊళ్లు తిరగాలా అన్నీ అక్కడే తేలిపోతాయి. కర్తగా మనిషిని పెట్టకండి, పనో ప్లానో నిర్ణయమో ఉండాలి. తర్వాత టు రాదు: "ద జాబ్ ఎన్‌టెయిల్స్ ట్రావెలింగ్" సరి, "ఎన్‌టెయిల్స్ టు ట్రావెల్" తప్పు. అన్నిటికీ ఈజ్, ఇంగ్ తగిలించడం మనవాళ్లకు అలవాటు కదా, "ఈజ్ ఎన్‌టెయిలింగ్" మాత్రం వద్దు. ఫ్రెండ్స్‌తో మాటల్లో ఇన్‌వాల్వ్ చాలు, ఎన్‌టెయిల్ అంటే మరీ లాయర్ నోటీసులా ఉంటుంది.