బీచ్ బాగుండాలంటే వీధి కాలువ దగ్గర మొదలుపెట్టండి

విశాఖలో ఊరికి ఏదైనా చేద్దామనుకోగానే అందరికీ గుర్తొచ్చేది ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌లో చెత్త ఏరడం. మంచిదే, కాదనను. కానీ పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనులు చూసేదాన్నిగా ఒక మాట చెప్తాను. ఆ ఇసుకలో దొరికేవి కాస్త పరీక్షగా చూడండి: షాంపూ పాకెట్లు, మాత్రల స్ట్రిప్పులు, గిన్నెలు తోమే పీచు. వీటిని బీచ్‌కి ఎవరు పట్టుకెళ్తారు? మన కాలువల్లో పడి, గెడ్డల్లో, అంటే ఊరి నీళ్లు సముద్రానికి మోసే వాగుల్లో, కలిసి వెళ్లినవే. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం ఉన్న ఊరు. గట్టి వాన పడితే చెత్త తీరం చేరడానికి ఎంతోసేపు పట్టదు.

అందుకే ముందు ఏప్రిల్‌లోనో మే నెలలోనో మీ వీధి కాలువ వెంబడే గెడ్డ దాకా నడవండి. చుక్క వాన లేని రోజుల్లో కూడా వాన నీటి కాలువ పారుతోందంటే అవి ఎవరింటి నీళ్లో అయి ఉంటాయి. తెల్లటి నురగ ఉంటే బట్టలుతికినవి. నల్లగా ఉండి కుళ్లు కంపు కొడితే సెప్టిక్ ట్యాంకు పైపు కలిపారేమో అనుమానించండి. ఆ ఇంటి వాళ్లతో గొడవకు దిగొద్దు. మీ వీధికి యూజీడీ (భూగర్భ మురుగు) లైను ఉందో లేదో వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీని అడగండి. ఉంటే కనెక్షన్ తీసుకోమని ఆయన చేతే చెప్పిస్తే పని సులువు.

తర్వాత కల్వర్టు. అక్కడ పేరుకున్న చెత్తే ఎవరు వేస్తున్నారో చెప్పేస్తుంది. పల్చటి చట్నీ కవర్లు కుప్పలుగా ఉంటే పైన టిఫిన్ బండి ఉన్నట్టే. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధమే. ఆ సంగతి బండి అబ్బాయికి చెప్తే, "కవర్ ఇవ్వకపోతే పక్క బండికి పోతారమ్మా" అంటాడు. అతని బాధ నిజమే. కాబట్టి ఒక్కడితో కాదు, ఆ వరసలో బండ్లందరితో ఒకేసారి మాట్లాడండి. డబ్బా తెచ్చుకున్నవాళ్లకి ఒక గరిటె చట్నీ ఎక్కువ వేయమనండి. జరిమానా కన్నా ఇదే బాగా పనిచేస్తుంది.

ఇక మన వంటింటి సంగతి. పాల ప్యాకెట్ మూల కత్తిరించినప్పుడు ఆ చిన్న ముక్క సింకులోకి జారిపోతుంది. అంత చిన్నది తర్వాత ఎవరి చేతికీ దొరకదు. పూర్తిగా తెంపకుండా సగం కత్తిరించి వదిలేస్తే చాలు, మూల ప్యాకెట్‌కే అతుక్కుని ఉంటుంది. ఖాళీ ప్యాకెట్లు కడిగి ఆరబెడితే పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు.

పూడిక ఏడాదికి రెండుసార్లు తీయించాలి: మే ఆఖరున ఒకసారి, సెప్టెంబర్ ఆఖరున ఒకసారి. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే కదా. తీసిన పూడికను గట్టు మీదే పోసి వెళ్తే మొదటి వానకే మళ్లీ కాలువలోకి. కాస్త ఆరగానే ఎత్తే బండి ఎప్పుడొస్తుందో పని మొదలవకముందే శానిటేషన్ సెక్రటరీని అడిగి తెలుసుకోండి.

కాలువకి జాలీ బిగిద్దామని ఎవరో ఒకరు అంటారు. సన్న జాలీ వద్దే వద్దు. ఆకులు అడ్డుపడి వీధంతా మునుగుతుంది. అపార్ట్‌మెంట్ నీళ్లు బయటికి పోయే చోట, నాలుగేసి వేళ్ల ఎడంతో ఊచలున్న గ్రిల్, చేత్తో పైకి లేపడానికి వీలుగా పెట్టించండి. వాన వెలిశాక దాన్ని ఎవరు తుడవాలో వాచ్‌మన్ జీతంతో పాటే మాట్లాడుకోండి. జీవీఎంసీ (నగర కార్పొరేషన్) కాలువలో మాత్రం అనుమతి లేకుండా ఏదీ బిగించొద్దు.

చెప్పినా కదలకపోతే సోమవారం ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇవ్వండి. "మా ఏరియాలో పారిశుద్ధ్యం బాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ కల్వర్టు, ఏ కరెంటు స్తంభం పక్కన, ఎన్ని అడుగుల మేర పూడిందో రాసి, వానకి ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో జత చేయండి. రసీదు నంబరు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి, మీరు ఊళ్లో లేనప్పుడు ఇంకెవరైనా వెళ్లి అడుగుతారు.