గూగుల్‌లో మా దుకాణం వెబ్‌సైట్ కనబడని సమస్య: నా అనుభవం

ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే మా చిన్న దుకాణానికి వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌తో సైటు పెట్టి నాలుగు నెలలు గడిచినా, దుకాణం పేరును ఉన్నదున్నట్టు టైపు చేసినా గూగుల్‌లో ఒక్క పేజీ కూడా కనబడలేదు. డైరెక్టరీలలో నమోదు, శీర్షికల మార్పు, డబ్బిచ్చి కొన్న లింకులు, ఇవేవీ ఫలించలేదు.

చివరికి సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో డొమైన్ మాదేనని ధ్రువీకరించి, మొదటి పేజీ చిరునామాను అక్కడి తనిఖీ పెట్టెలో ఇచ్చి చూడగా, ‘నోఇండెక్స్’ ట్యాగు (ఈ పేజీని వెతుకులాట ఫలితాల్లో చూపవద్దని చెప్పే కోడు) ఉన్నందున గూగుల్ పేజీని చేర్చలేదని తేలింది. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లోని రీడింగ్ విభాగంలో, సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే గడికి టిక్కు పెట్టి ఉంది. సైటు తయారుచేసినవారు ఆ పని జరుగుతున్నప్పుడు పెట్టి, తరువాత తీయడం మరచినట్టున్నారు (నేనూ అటు చూడలేదు). ఆ టిక్కు తీసి, క్యాష్ (దాచి ఉంచిన పాత పేజీల నకళ్లు) ఖాళీ చేసి, పేజీ సోర్సు కోడులో ట్యాగు పోయిందని చూసుకున్న తరువాతే సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) గూగుల్‌కు సమర్పించాను. ఈ క్రమం ముఖ్యం, ఎందుకంటే టిక్కు ఉన్నంతకాలం వర్డ్‌ప్రెస్ తన సొంత సైట్‌మ్యాప్‌ను చూపదు. ఆపై 5 పేజీలకు ఇండెక్సింగ్ (గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడం) కోరగా, తొమ్మిదో రోజున మొదటి పేజీ కనబడింది.

మీ సైటులో ఆ టిక్కు లేకపోతే కారణం వేరే కావచ్చు. పైగా నాకు కుదిరింది దుకాణం పేరుతో వెతికినప్పుడే. ‘లక్క బొమ్మలు’ అని మాత్రమే వెతికితే మేము ఇప్పటికీ ఎక్కడో అడుగున ఉన్నాము.