బీపీ మాత్ర, పెగ్గు, వయాగ్రా: తేడా కొడితే ఏం చేయాలి?

లేవగానే కళ్లు తిరుగుతున్నాయి

కారణం: సిల్డెనాఫిల్ (వయాగ్రా), అదే రకం మాత్ర టడలాఫిల్ రక్తనాళాలను వదులు చేస్తాయి. దాంతో ఒంట్లో బీపీ కూడా కాస్త దిగుతుంది. మద్యం కూడా బీపీని దించుతుంది. ఇక అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్లు సిల్డెనాఫిల్ వేసుకుంటే పై రీడింగు సగటున మరో 8 పాయింట్లు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. విడివిడిగా పెద్దగా తెలియదు. మూడూ కలిసిన రాత్రి మాత్రం బాత్రూంకని లేచిన మనిషి గోడ పట్టుకోవాల్సి వస్తుంది.

పరిష్కారం: వెంటనే పడుకుని కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. తేరుకున్నాక కాసేపు మంచం అంచున కూర్చుని, అప్పుడు లేవండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి. మళ్లీ ఇలా కాకూడదంటే మానాల్సింది మద్యం. "ఈ రాత్రికి బీపీ మాత్ర ఆపేద్దాం" అనుకోవడం చాలా తప్పు. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్, బీపీకి ప్రజోసిన్ లాంటివి వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటివాళ్లకు సిల్డెనాఫిల్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు.

ఛాతీలో నొప్పి

నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. మన ఇళ్లలో గుండె నొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ (ఇది నైట్రేట్ రకం మందు) పెట్టేస్తారు. భర్త వేసుకున్న మాత్ర సంగతి భార్యకు తెలియదు, ఆయనేమో సిగ్గుతో నోరు విప్పడు. ఈ రెండు మందులూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

పరిష్కారం: సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలాఫిల్ వేసుకున్నాక 48 గంటల వరకు సార్బిట్రేట్ ముట్టుకోకూడదు. 108ని పిలిచి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అంబులెన్సులోనే చెప్పండి. అది తెలిస్తే డాక్టర్లు వేరే వైద్యం చేస్తారు. గుండె నొప్పికి రోజూ నైట్రేట్ మాత్రలో, నికోరాండిలో వాడేవాళ్లు అసలు ఈ మాత్రల జోలికే వెళ్లకూడదు. వీటి కోసం గుండె మందు సొంతంగా ఆపినా ప్రమాదమే. దయచేసి ఇంట్లో ఒక్కరికైనా ఈ విషయం చెప్పి ఉంచండి.

మాత్ర వేసుకున్నా పని చేయలేదు

ఎక్కువ తాగితే మాత్ర ఉన్నా అంగం స్తంభించదు. కడుపు నిండా బిర్యానీ తిన్నాక వేసుకుంటే సిల్డెనాఫిల్ ఆలస్యంగా ఎక్కుతుంది. అంతేగానీ రెండో మాత్ర వేసుకోవద్దు. బీపీకి వాడే అటెనొలాల్, మూత్రం ఎక్కువ పోయేలా చేసే కొన్ని నీటి మాత్రల వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. మార్చే వీలుందేమో డాక్టరును అడగండి. షుగర్, గుండె పరీక్షలు కూడా చేయించుకోండి, అంగస్తంభన తగ్గడం గుండె జబ్బుకు ముందస్తు సూచన కావచ్చు.

నాలుగు గంటలైనా అంగస్తంభన దిగడం లేదు, లేదా ఒక్కసారిగా చూపు తగ్గింది

తెల్లారేదాకా ఆగొద్దు. క్యాజువాలిటీకి వెళ్లండి, మాత్రల స్ట్రిప్ జేబులో పెట్టుకుని.