సెర్బియన్ రాత నేర్చుకుందాం – 4వ పాఠం: ఒక్క ‘చ’కు మూడు అక్షరాలు

సెర్బియన్ సిరిలిక్ లిపిలోని 30 అక్షరాలను కిందటి పాఠంలో చూశాం. ఈ పాఠమంతా ‘చ’ వర్గానిదే. తొందరపడకుండా పైకి పలుకుతూ చదవండి.

‘చాప’, ‘చలి’ అనేటప్పుడు నాలుక కొన పళ్ల వెనుక తగులుతుంది. ‘చిలుక’, ‘చెరువు’ అనేటప్పుడు అంగిలి వైపు జరుగుతుంది. ధ్వనులు రెండైనా మనం రాసేది ఒకే ‘చ’. సెర్బియన్‌లో అలా కుదరదు. చాపలోని దంత్య చకారానికి ఒక అక్షరం ఉంది. చక్రవర్తిని సూచించే ‘త్సార్’ దానితోనే మొదలవుతుంది. తాలవ్య చకారానికి రెండున్నాయి. నాలుక కొనను కాస్త వెనక్కి లాగి పలికేది బరువైన ‘చ’: మన చాయ్‌ని వాళ్లూ చాయ్ అనే అంటారు, అందులో ఉన్నది ఇదే. నాలుక మధ్యభాగాన్ని అంగిలికి ఆనించి పలికేది మెత్తని ‘చ’: ఇల్లు అనే అర్థమిచ్చే ‘కుచా’లో వినిపిస్తుంది.

‘జ’కూ ఇదే తేడా. జేబును ‘జెప్’ అంటారు, అది బరువైనది. విద్యార్థిని ‘జాక్’ అంటారు, అది మెత్తనిది. మెత్తని చకారం రాయడానికి నిలువు గీత గీసి, దాని పైభాగాన అడ్డగీత పెట్టి, కుడివైపు వంపును నేరుగా కిందికి దించి ఆపండి. ఆ వంపు చివరను కింద ఎడమకు తిప్పితే మెత్తని జకారం అవుతుంది. కవి లుకియాన్ ముషిట్స్కి సూచించిన ఈ జకార రూపాన్ని సెర్బియన్ భాషా సంస్కర్త వుక్ స్తెఫానోవిచ్ కరాజిచ్ 1818లో వియన్నాలో అచ్చువేసిన తన నిఘంటువులో స్వీకరించాడు. ఒక ధ్వనికి ఒక అక్షరం ఉండాలన్నది ఆయన పట్టుదల. లాటిన్ నుంచి ‘య’ ధ్వనికి అక్షరం తెచ్చినందుకు చర్చి పెద్దలు తీవ్రంగా వ్యతిరేకించారు. సెర్బియా సంస్థానంలో ఆయన లిపిపై చివరి ఆంక్షలు 1868లో గాని తొలగలేదు, అప్పటికి ఆయన మరణించి నాలుగేళ్లయింది.

సెర్బులు లాటిన్ లిపి కూడా వాడతారు. అందులో మూడు చకారాలకూ ఆధారం ఒకే అక్షరం: దంత్యానికి ఏ గుర్తూ ఉండదు, బరువైనదానికి పైన కొక్కెం, మెత్తనిదానికి ఏటవాలు గీత. ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు వలస వెళ్లిన కుటుంబాల ఇంటిపేర్లలో ఈ గుర్తులు తరచుగా రాలిపోతాయి. అప్పుడు మూడు ధ్వనులూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే సిరిలిక్‌ను ముందుగా నేర్చుకోమని నా సలహా.

అభ్యాసం: ‘కరాజిచ్’ అని సిరిలిక్‌లో పదిసార్లు రాయండి. అందులోని జకారం బరువైనది, చివరి చకారం మెత్తనిది. తర్వాత ‘జొకోవిచ్’ రాయండి. అక్కడ రెండూ మెత్తనివే.

వచ్చే పాఠంలో మెత్తని ‘ల’, మెత్తని ‘న’ వస్తాయి. మొదటిదాన్ని మన ‘ళ’గా పలకడం ఇప్పటి నుంచే మానుకోండి.