నాటకం నుంచి కెమెరా ముందుకు వచ్చే నటికి

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932)లో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి నాటకాల మనిషే. రంగస్థలం మీద చంద్రమతిగా పేరు తెచ్చుకున్న పసుపులేటి కన్నాంబ 1935లో 'హరిశ్చంద్ర'లో అదే పాత్రతో తెరకెక్కారు. ఈ దారిన ఇప్పటికీ నటీమణులు వస్తూనే ఉన్నారు. వచ్చిన మొదటి వారంలోనే 'ఓవర్ అవుతోంది, తగ్గించండమ్మా' అన్న మాట వింటారు. ఏది తగ్గించాలో మాత్రం తరచూ ఎవరూ చెప్పరు.

తగ్గించాల్సింది గొంతు. లోపలి బాధో కోపమో కూడా దాంతోపాటు తగ్గిందంటే ముఖంలో ప్రాణం పోతుంది. ఇంట్లో ఇలా సాధన చేయండి. ఫోన్‌ని నాలుగడుగుల దూరంలో, కళ్ల ఎత్తులో పెట్టి ఒకే డైలాగ్‌ని మూడుసార్లు రికార్డు చేయండి: హాల్లో చివరి వరుసకు, గదిలోని వాళ్లకు, పక్కన కూర్చున్న ఒక్క మనిషికి. మూడోది వినేటప్పుడు వాక్యాల చివరలు పట్టి చూడండి. గొంతు దించగానే ఊపిరి కూడా సన్నబడి చివరి అక్షరాలు మింగేస్తాం. తెలుగులో క్రియ సాధారణంగా ఉండేది అక్కడే. 'చెప్పాను'కీ 'చెప్పను'కీ తేడా ఒక్క దీర్ఘం. అది పోతే సీనే తిరగబడుతుంది. కాబట్టి ఊపిరి నాటకానికి తీసుకున్నంతా తీసుకుని, పొదుపుగా వదలాలి.

క్లోజప్‌లో ఎదుటివారి రెండు కళ్లనూ మార్చి మార్చి చూస్తే మీ కనుపాపలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, తెర మీద అది బెదురులా కనబడుతుంది. కెమెరాకి దగ్గరున్న కన్ను ఒక్కటే ఎంచుకోండి. ఎదుటి నటుడు సెట్లో లేకపోతే లుక్ (మీరు చూడాల్సిన చోటు) ఎక్కడో అడిగి, అక్కడ ఒక టేపు ముక్క అంటించమనండి. మొహమాటపడొద్దు.

మార్కు (మీరు ఆగాల్సిన చోట నేల మీద పెట్టే గుర్తు) మీద సరిగ్గా ఆగాలంటే, ముందు మార్కు దగ్గరే నిలబడండి. అక్కడి నుంచి బయల్దేరే చోటికి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకోండి. టేక్‌లో అన్నే అడుగులు వేస్తే కిందికి చూడాల్సిన పని ఉండదు. లాంగ్ లెన్స్ (దూరంలో ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్స్) పెట్టినప్పుడు అరడుగు ముందుకు తూలినా ఫోకస్ పోతుంది, బాగా వచ్చిన ఏడుపు వృథా అవుతుంది.

నాటకం వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కంటిన్యూటీ దగ్గర. వైడ్ షాట్‌లో కొంగు సర్దుకుని, గ్లాసు తీసి, మధ్యలో జుట్టు వెనక్కి తోశారనుకోండి. సజెషన్‌లోనూ (ఎదుటివారి భుజం మీదుగా తీసే షాట్) క్లోజప్‌లోనూ అవన్నీ అదే మాట మీద మళ్లీ జరగాలి. లేకపోతే ఎడిటింగ్‌లో మీ మంచి టేక్ పక్కకు పోతుంది. ఒక సీన్‌కి రెండు చేతి పనులు చాలు. ఏ మాట దగ్గర ఏ చెయ్యి లేచిందో స్క్రిప్టు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకోండి.

సీన్లు వరసగా తీయరు. కూతురి పెళ్లికి ముందే కూతురి చావు తీయొచ్చు. అందుకని ఒక నోట్‌బుక్‌లో సీన్ నంబరు, దానికి ముందు కథలో జరిగింది, మీకు అప్పటికి తెలిసింది, ఈ మూడూ రాసుకోండి. మూడోది మరీ ముఖ్యం. పాత్రకి ఇంకా తెలియని విషయం ముఖంలో కనిపించడం పెద్ద తప్పు, స్క్రిప్టు మొత్తం చదివినవాళ్లు చేసేదీ ఇదే. పొద్దున వైడ్‌లో కన్నీళ్లన్నీ ఖర్చు చేస్తే మధ్యాహ్నం క్లోజప్‌కి మిగలవు. వైడ్‌లో ఒంటితో చేయండి, కళ్లు దాచుకోండి.

డబ్బింగ్‌లో మైక్‌కి జానెడు దూరంలో, మూతి కాస్త పక్కకి తిప్పి నిలబడండి. ఎదురుగా ఉంటే 'ప', 'భ', 'ఫ' దగ్గర గాలి కొడుతుంది. సీన్‌లో పరుగెత్తి ఉంటే అక్కడే రెండు నిమిషాలు గెంతి అప్పుడు చెప్పండి; కూర్చుని తెచ్చిన ఆయాసం తెలిసిపోతుంది.

మళ్లీ నాటకానికి వెళ్లేముందు కనీసం వారం రోజులు హాల్లోనే, మైకు లేకుండా రిహార్సల్ వేయండి. చివరి వరుసలో ఒకరిని కూర్చోబెట్టి, వినబడని ప్రతి మాటకీ చెయ్యెత్తమనండి. పద్యాలుంటే రోజూ శ్రుతి పెట్టుకుని సాధన చేయాలి, ఎందుకంటే సెట్ల మీద నెలలు గడిచాక ముందు తగ్గేది పై స్థాయి స్వరాలే.