పాత రాడ్డు, ప్లేటు బయటికి రాకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చాలామంది విరిగిన ఎముకకు వేలూరులోనో చెన్నైలోనో ఆపరేషన్ చేయించుకుని, లోహపు రాడ్డో ప్లేటో వేయించుకుని, ఏళ్ల తరువాత ప్లేటు విరిగిందనో చీము కారుతోందనో ఇక్కడి ఆసుపత్రికి వస్తారు. ఇంప్లాంటు (ఒంట్లో అమర్చిన లోహం) స్టిక్కరు అతికించిన పాత కాగితం చేతికి అందితే ఏ స్క్రూడ్రైవరు కావాలో ముందే తెలుస్తుంది కనుక, ఎక్స్‌రే కంటే ముందు నేను దాన్నే అడుగుతాను.

డ్రైవరు స్క్రూ తలలో జారిపోతోంది: చాలాసార్లు గుంతలో పేరుకున్న కణజాలమో, అరిగిన డ్రైవరో కారణం. గుంతను సూదిమొనతో శుభ్రం చేసి, కొత్త డ్రైవరును నిటారుగా, అడుగు దాకా దించి తిప్పాలి. గుంత అరిగిపోయి ఉంటే, ఎడమ మరలున్న శంఖాకారపు ఎక్స్‌ట్రాక్టరును అపసవ్య దిశలో తిప్పుతూ బిగిస్తే, అదే తిప్పుడుకు స్క్రూ వదులవుతుంది.

టైటానియం లాకింగ్ స్క్రూ (తల కూడా మరలతో ప్లేటులోకే బిగుసుకునే స్క్రూ) అసలు కదలడం లేదు: దీన్ని కోల్డ్ వెల్డింగ్, అంటే వేడి లేకుండానే లోహాలు అతుక్కుపోవడం అంటారు గానీ, నా అభిప్రాయంలో ఎక్కువసార్లు తప్పు మొదటి ఆపరేషన్ నాటిదే. 3.5 మిల్లీమీటర్ల స్క్రూను 1.5 న్యూటన్ మీటర్ల బిగింపు పరిమితి ఉన్న డ్రైవరుతో బిగించవలసిన చోట పవర్ డ్రిల్లుతో చివరిదాకా బిగిస్తే, లేదా మరలు వంకరగా పడితే, తల ప్లేటుకు అతుక్కుపోతుంది. అప్పుడు చుట్టూ తడి గాజుగుడ్డ కప్పి, ఎముక వేడెక్కకుండా, లోహపు పొడి నిలవకుండా సెలైన్ ఆపకుండా పోస్తూ, కార్బైడ్ డ్రిల్లుతో తలను తొలిచేయాలి. ప్లేటు తీశాక మిగిలిన కాడను ప్లయర్‌తో పట్టి తిప్పవచ్చు. ఎముకలోపలే విరిగిపోతే స్క్రూ చుట్టూ ఎముకను తొలిచే గొట్టంలాంటి పరికరం, బోలు రీమరు, అవసరమవుతుంది.

ఎముక లోపలి రాడ్డు మధ్యలో విరిగింది: ఎముక అతకకపోవడంతో బరువంతా మోసి లోహం అలసిపోయిందని అర్థం. పై ముక్క సులువుగానే వస్తుంది. కింది ముక్క కోసం, రాడ్డును ఎముకకు బిగించే లాకింగ్ స్క్రూలు తీశాక, బోలు రాడ్డు గుండా కొక్కెం పంపి, కొసకు తగిలించి వెనక్కు లాగాలి. అతకని ఎముకకు చికిత్స కూడా అదే ఆపరేషన్‌లో ఆలోచించాలి.

చీము కారుతోంది: లోహంపై బాక్టీరియా పొర కట్టింది. రోగి పరిస్థితి అనుమతిస్తే లోహం తీసే ఆపరేషన్‌కు రెండు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపి, లోతు నుంచి కనీసం 5 నమూనాలు కల్చరుకు (బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) పంపాలి. ఎముక అతకకపోతే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటరు (ఎముకను ఒంటి బయటి నుంచి పట్టి ఉంచే చట్రం) వేయవలసి రావచ్చు.

తొలగించాక స్క్రూ రంధ్రాల దగ్గర ఎముక బలహీనంగా ఉంటుంది. అలిపిరి మెట్లు ఎప్పుడు ఎక్కవచ్చని మా రోగులు తప్పక అడుగుతారు. ఎక్స్‌రేలో రంధ్రాలు పూడుకుంటున్నట్టు కనిపించేదాకా ఆ 3,550 మెట్ల జోలికి పోవద్దనే చెబుతాను.